పాటలు పాడితే కూడెడతాదేటి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గాజువాక. నేను స్టీల్ ప్లాంటులో పనిచేస్తున్నాను. మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్ పాసైంది. ఎనిమిదేళ్లుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. ప్రైవేటుగా కట్టి సంగీతంలో సర్టిఫికెట్ పరీక్ష కూడా పాసైంది. ఈఏపీసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది, ఊళ్లోనే ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటు ఖాయం. ఇప్పుడేమో బీటెక్ వద్దు, సంగీతంలోనే ఎంఏ దాకా చదువుతానంటోంది. “బీటెక్ చేసి పక్కన పాడుకోమ్మా” అన్నందుకు రెండు రోజులు అన్నం మానేసింది. మా అమ్మయితే “పాటలు పాడితే కూడెడతాదేటి?” అని ఒకటే గొడవ. యూనివర్సిటీలో సంగీతం చదివితే ఏం ఉద్యోగాలుంటాయి? మా చుట్టాల్లో, తోటి ఉద్యోగుల్లో ఈ దారిలో వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి చెప్పండి.
— ఒక తండ్రి, గాజువాక

సమాధానం: అయ్యా, మీ ఉత్తరం మొత్తంలో సూటిగా అడిగింది మీ అమ్మగారే. అందుకని ఆవిడకే ముందు జవాబు చెబుతాను. కూడు పెడుతుందమ్మా. కాకపోతే ఒకే గిన్నెలోంచి పెట్టదు. మూడు నాలుగు గిన్నెల్లోంచి తలా కాస్తా వడ్డించుకోవాలి. నెల మొదట్లో ఒకేచోట జీతం పడే ఇంట్లో పెరిగిన పిల్లకి ఇది కొత్త. మీకు ఇంకా కొత్త.

నా సంగతే చెబుతాను. చదువు కాగానే ఈ ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేరాను. పేరుకే మ్యూజిక్. ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసుకి నన్ను పంపేవారు. పరీక్షలు దగ్గరపడితే నా పీరియడ్లు లెక్కల మాస్టారు లాగేసుకునేవారు. యాన్యువల్ డే వచ్చిందంటే మాత్రం మూడు వందల మంది పిల్లల చేత వారం రోజుల్లో పాడించెయ్యాలి. ఆ జీతం మా ఇంటి అద్దెకి సరిపోయేది, అంతే. ఇల్లు గడిచింది పొద్దున్నే ఆరింటికి మా ముందు గదిలో చాప మీద కూర్చునే పదకొండు మంది పిల్లల వల్ల. పైన రేడియో ప్రోగ్రాములు, అడపాదడపా నాట్య ప్రదర్శనలకు పాడటం. ముప్పై ఏళ్లు అలాగే వెళ్లింది. పిల్లల్ని చదివించాను, ఫ్లాట్ కొన్నాను. అప్పు తీరడానికి కాస్త ఎక్కువ కాలం పట్టింది.

కాబట్టి మీ అమ్మాయిని అడగాల్సిన మొదటి మాట “బాగా పాడతావా” అని కాదు, ఎనిమిదేళ్లు నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్ల పాడుతుంది. “నేర్పడం ఇష్టమేనా?” అని అడగండి. సంగీతం మీద బతికేవాళ్లలో ఎక్కువమందికి వెన్నెముక పాఠం చెప్పడమే. పెద్ద పెద్ద విద్వాంసులు కూడా పొద్దున పూట శిష్యులతోనే ఉంటారు.

నేర్పడమంటే ఏమిటో చూడండి. నిరుడు నా దగ్గరికి ఏడేళ్ల బాబు వచ్చాడు. గొంతు చక్కగా శ్రుతిలో పలుకుతోంది, చెయ్యే మాట వినదు. ఆది తాళం అంటే ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. ఆపైన దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. వీడు సరళీ వరుసలో, అంటే స రి గ మ ప ద ని స అనే మొదటి పాఠంలో, ‘మ’ దగ్గరికి వచ్చేసరికి నడిమి వేలు మరిచిపోయి దెబ్బ వేసేసేవాడు. తాళం ఏడింటికే అయిపోయి, పై షడ్జం, అంటే చివరి ‘స’, గాల్లో మిగిలిపోయేది. కోప్పడితే ఏడుపు. చివరికి వంటింట్లోంచి ఎనిమిది చింతగింజలు తెచ్చి ముందర పేర్చాను. పాట లేదు, ఒక్కో లెక్కకీ ఒక్కో గింజ పక్కకి జరపాలి. మూడు వారాలు అదే పని. నాలుగో వారం గింజలు తీసేసినా చెయ్యి సరిగ్గా పడింది. ఆ రోజు వాళ్లమ్మ కంటే నాకే ఎక్కువ సంతోషం వేసింది. ఈ మూడు వారాలూ మీ అమ్మాయికి విసుగనిపిస్తే సంగీతాన్ని హాబీగా ఉంచుకుని వేరే ఉద్యోగం చూసుకోవడమే మేలు. నేను ఇదేదో కఠినంగా అనడం లేదు, అలాంటి మంచి గాయనులు నాకు తెలుసు.

ఇక యూనివర్సిటీ సంగతి. అక్కడ పాట నేర్పుతారనుకుంటారు చాలామంది. పాట గురువు దగ్గరే వస్తుంది, వారానికి ఇన్ని పీరియడ్లని వచ్చేది కాదు. ఎంఏ ఇచ్చేది వేరే. రాగ లక్షణం, 72 మేళకర్తల (మూల రాగాల) లెక్క, లక్షణ గ్రంథాలు (పాత సంగీత శాస్త్ర పుస్తకాలు), వాగ్గేయకారుల చరిత్ర, స్వరలిపి చూసి పాడటం, విన్నదాన్ని స్వరాల్లో రాయడం, హిందుస్తానీతో పోలిక. ఇవన్నీ ఉంటే రేపు ఎవరైనా పిల్ల “ఈ రాగంలో నిషాదం (‘ని’) ఎందుకు అలా ఊగుతుంది మేడమ్” అని అడిగినప్పుడు “మా గురువుగారు అలా చెప్పారు” అని తప్పించుకోనక్కర్లేదు.

ఇందులో తెలుగు పిల్లలకి ఒక ఆస్తి ఉంది, మనవాళ్లే గుర్తించరు. త్యాగరాజు, శ్యామశాస్త్రి కీర్తనల్లో ఎక్కువ భాగం, క్షేత్రయ్య పదాలు అన్నీ తెలుగే. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని, అంటే కీర్తనల్ని స్వరాలతో సహా రాసిపెట్టిన పెద్ద గ్రంథం కూడా తెలుగు లిపిలోనే ఉంది. కర్ణాటక సంగీతంలో పరిశోధన చేసే తమిళ, కన్నడ విద్యార్థులు ఆ పుస్తకాన్ని మూలంలో చదవాలంటే తెలుగు అక్షరాలు దిద్దుకోవాలి. మీ అమ్మాయికి అది పుట్టుకతో వచ్చింది. సాహిత్యాన్ని మాట విరవకుండా పాడి, అర్థం చెప్పి నేర్పగలిగిన టీచరుకి చెన్నైలోనూ, విదేశాల్లోనూ గిరాకీ ఉంటుంది. మరి మన పిల్లలు ఇంగ్లీషులో రాసుకుని పాడుతున్నారు, ఏం చెప్తాం!

ఎక్కడ చదవాలి? మీకు దగ్గర్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. గాజువాకలో బస్సెక్కితే ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా మద్దిలపాలెం, పిల్ల రాత్రికి ఇంట్లో ఉంటుంది. రైలెక్కితే గంటకి అటూ ఇటూగా విజయనగరం. అక్కడి మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1919 నుంచి నడుస్తోంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదివినవారే. ఘంటసాల అయితే మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని చదివారు. మీ అమ్మగారికి ఈ మాట ఇప్పుడే చెప్పకండి. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. మీ అమ్మాయి మొదటిది దాటేసింది కాబట్టి ఇక డిప్లొమాయే. దూరం పంపగలిగితే తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, చెన్నైలో క్వీన్ మేరీస్ కాలేజీ, కళాక్షేత్ర ఉన్నాయి. చెన్నై వెళితే చదువు కంటే ఎక్కువ లాభం డిసెంబరు కచేరీలు వినడం.

మరి బీటెక్ మాటేమిటంటారా? బీటెక్ చేసి పాడేవాళ్లు లేరని చెప్పను. చెన్నై వేదికల మీద ఇంజనీర్లు కొల్లలు. వాళ్లకి ఆ చదువు కూడా ఇష్టమే. ఇష్టం లేని పిల్ల పొద్దున్న ఏడుకి కాలేజీ బస్సెక్కి, సాయంత్రం ఆరుకి దిగి, ల్యాబ్ రికార్డులు రాసుకుని, ఆ తర్వాత తంబూరా పెట్టుకుని కూర్చోవడం జరిగే పని కాదు. 18 నుంచి 22 దాకా గొంతుకి చాలా ముఖ్యమైన కాలం. నాలుగేళ్లు సాధన తప్పితే తిరిగి పట్టుకోవడం కష్టం. (అన్నం మానేయడం మాత్రం నాకు నచ్చలేదని చెప్పండి. ఖాళీ కడుపుతో పై స్థాయిలో శ్రుతి నిలవదు.)

నా సలహా ఇది. సంగీతం ఒక సబ్జెక్టుగా ఉన్న బీఏ దొరికితే అందులో చేర్చండి. దొరక్కపోతే ఊళ్లోనే ఏదైనా మామూలు డిగ్రీ, మధ్యాహ్నానికి ఇంటికొచ్చే కాలేజీ చూడండి. పక్కన డిప్లొమా కట్టించండి, గురువుగారి దగ్గర పాఠం ఆపొద్దు. డిగ్రీ కాగానే ఎంఏ సంగీతం. సాధారణంగా ఏదో ఒక డిగ్రీ ఉండి, సంగీతంలో డిప్లొమా ఉన్నవాళ్లని ఎంఏకి తీసుకుంటారు. ఆ ఏటి నోటిఫికేషన్‌లో మాత్రం అక్షరం అక్షరం చదువుకోండి. ఇందులో మీకు కూడా ఒక ధైర్యం ఉంది: డిగ్రీ చేతిలో ఉన్నాక బ్యాంకు పరీక్షలకీ, గ్రూప్స్‌కీ తలుపు మూసుకోదు.

బీఏలోనే సంగీతం ఉంటే మంచిదని ఎందుకన్నానంటే, కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం ప్రైమరీ టీచరు పోస్టుకి ఇంటర్‌లో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ లేదా తత్సమానం అడుగుతారు. ఈ ‘తత్సమానం’ అనే మాట దగ్గరే మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. డిప్లొమా ఉంది, ఎంఏ ఉంది, బీకాం ఉంది, అయినా సర్టిఫికెట్ల పరిశీలన రోజు బల్ల అవతల కూర్చున్నాయన “బ్యాచిలర్స్ మ్యూజిక్‌లో ఏదీ?” అంటాడు. ఉద్యోగం మంచిదే. ఇప్పటి స్కేలు ప్రకారం మూల వేతనం 35,400 రూపాయలతో మొదలవుతుంది. నవోదయ విద్యాలయాల్లో మ్యూజిక్ టీచరుకి 44,900. హిందీలో, ఇంగ్లీషులో క్లాసు నడపగలగాలి, ప్రేయర్లో నాలుగు భాషల పాటలకి హార్మోనియమో కీబోర్డో వాయించగలగాలి. అందుకని ఇప్పుడే హార్మోనియం మీద చెయ్యి వేయమనండి. కర్ణాటకం వాళ్లు హార్మోనియం అంటే మొహం చిట్లిస్తారు, జీతం పడ్డాక చిట్లించరు.

కాలేజీలో లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి. సంగీతం అందులో 16వ నంబరు సబ్జెక్టు. పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకి 50. మూడు గంటల్లో కంప్యూటరు ముందు 150 ప్రశ్నలు. తమాషా ఏమిటంటే ఒక్క స్వరం పాడక్కర్లేదు. ఎంత బాగా పాడినా శాస్త్రం చదవనివాళ్లు అక్కడ బోర్లాపడతారు. మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, పీహెచ్‌డీ చేస్తూ నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్. దానికి వయసు 30 దాటకూడదు, ఆడపిల్లలకి ఐదేళ్ల సడలింపు ఉంది. పోస్టుల మాట దాచను: సంగీతంలో శాశ్వత లెక్చరర్ ఖాళీలు ఎప్పుడో గానీ పడవు, పడినా ఒకటో రెండో. ఆ ఒక్క గిన్నె మీదే ఆశ పెట్టుకుని కూర్చోకూడదు.

దీనికో పక్కదారి కూడా ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే ఆయన వాద్యం విని ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. ఇప్పుడు అంత సులువు కాదుగానీ ఆ సంప్రదాయం పూర్తిగా పోలేదు. పేరున్న గురువు దగ్గర నేర్చుకుని, రేడియోలోనో దూరదర్శన్‌లోనో ‘ఏ’ గ్రేడు ఉండి, డిగ్రీ ఉండి, శాస్త్రం వివరించి పాఠం చెప్పగల కళాకారులని నెట్ లేకుండానే అసిస్టెంట్ ప్రొఫెసరుగా తీసుకోవడానికి యూజీసీ 2018 నిబంధనల్లో వీలుంది.

కాబట్టి రేడియో ఆడిషన్ తేలిగ్గా తీసుకోవద్దు. విశాఖలో ఆకాశవాణి కేంద్రం ఉంది. గ్రేడులు బీ, బీ హై, ఏ, టాప్. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గది నిండా మెత్తటి గోడలు, నా ఊపిరి నాకే వినపడేంత నిశ్శబ్దం. ఎర్ర లైటు వెలిగింది. ఇంట్లో పొద్దస్తమానం పాడిన వర్ణం రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, అందుకునేసరికి తాళం పరుగెత్తింది, ఆపుకోలేకపోయాను. ఆ సారి రాలేదు. రెండోసారి వెళ్లేముందు నెల రోజులు లయ కొట్టే యంత్రం, మెట్రోనోమ్, పెట్టుకుని మరీ పాడాను, బీ వచ్చింది. రేడియో డబ్బులు పెద్ద చెప్పుకోదగ్గవి కావు. కానీ పేరు పక్కన ఆ గ్రేడు ఉంటే సభలవాళ్లు పిలుస్తారు, పిల్లల తల్లిదండ్రులు నమ్ముతారు.

కచేరీల గురించి ఆశలు పెంచను. గాత్రానికి పోటీ విపరీతం. మన ఊళ్లో వయొలిన్, మృదంగం వాళ్లకి గాయకుల కంటే ఎక్కువ పిలుపులు వస్తాయి, ఎందుకంటే ఒక్క వయొలిన్ విద్వాంసుడు నెలలో పది మంది గాయకులకి వాయించగలడు. గాయనికి అలాంటి పని నాట్యంలో దొరుకుతుంది. పిఠాపురం కాలనీ కళాభారతిలో ఏదైనా కూచిపూడి రంగప్రవేశానికి (తొలి ప్రదర్శనకి) మీ అమ్మాయిని తీసుకెళ్లి, నాట్యం కాకుండా పక్కన కూర్చున్న గాయనిని చూడమనండి. చూపు ఎప్పుడూ నర్తకి మీదే ఉంటుంది. ఒక్క పల్లవిని పదిసార్లు పాడుతుంది, పదిసార్లూ భావం వేరు. అమ్మాయి అభినయం పొడిగిస్తే తనూ పొడిగిస్తుంది, గజ్జె తడబడితే పాటతోనే సర్దుతుంది. ఈ విద్య పుస్తకాల్లో ఉండదు. వచ్చినవాళ్లకి మన ఊళ్లో నాట్య గురువుల దగ్గర ఏడాది పొడుగునా పని ఉంటుంది.

ఆన్‌లైన్ పాఠాలు ఈ మధ్య పెద్ద గిన్నె అయ్యాయి. మనకి పొద్దున్న ఆరయితే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు రాత్రి వేసవిలో ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడి తెలుగు, తమిళ కుటుంబాల పిల్లలు బుద్ధిగా నేర్చుకుంటారు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, పోటీలకి ఏడాదంతా సిద్ధపడే పిల్లలున్నారు. ఒక్కటే చిక్కు: ఇంటర్నెట్‌లో గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి టీచరు, పిల్ల కలిసి పాడలేరు. ఒకరు పాడి ఆగాలి, రెండోవారు అనాలి. తాళం తప్పు పట్టుకోవడానికి చెవి మరింత పదునుగా ఉండాలి.

సినిమాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ ప్లాన్ చేసుకోలేరు. హైదరాబాద్ వెళ్లి కోరస్, ట్రాక్ (అసలు గాయకులు పాడేముందు నమూనా పాట) పాడుతూ ఎదురుచూడాలి. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక గాయకులకి కూడా రాయల్టీ హక్కు వచ్చింది, కాబట్టి ఏ కాగితం మీద సంతకం పెడుతోందో చదువుకోవాలి. సౌండ్ ఇంజనీరింగ్ మీద మనసుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. తను చదివిన ఫిజిక్స్ అక్కడ వృథా పోదు. మ్యూజిక్ థెరపీ డిప్లొమా, ఆసుపత్రిలో ఉద్యోగం అని ప్రకటన కనిపిస్తే, ఫీజు కట్టేముందు పోయినేడు చదివినవాళ్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో అడగండి.

డబ్బు సాయం ఒకటుంది. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకి కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకి 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. దరఖాస్తుకి గురువుగారి ధ్రువీకరణ కావాలి, ఇంటర్వ్యూలో పాడి వినిపించాలి. నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండమనండి. వచ్చినా రాకపోయినా ఆ ఇంటర్వ్యూకి సిద్ధపడటమే మంచి సాధన.

ఈ లోపు కౌన్సెలింగ్ తేదీలు దగ్గరపడుతున్నాయి కదా, మీరిద్దరూ ఒక ఒప్పందానికి రండి. అమ్మాయి మీ క్వార్టర్స్‌లోనో, వీధిలోనో ఇద్దరు చిన్న పిల్లలకి సరళీ వరుసలు మొదలుపెట్టాలి. ఆరు నెలలు, వారానికి రెండు రోజులు, పరీక్షలొచ్చినా ఆపకుండా. మీరు పక్క గదిలో కూర్చుని పేపరు చదువుకుంటూ వినండి. సంగీతం తెలియక్కర్లేదు, తను ఓపిగ్గా చెబుతోందో విసుక్కుంటోందో తెలిస్తే చాలు. ఆ ఇద్దరి దగ్గరా ఫీజు మాత్రం మొదటి నెల నుంచే తీసుకోమనండి, ఎంత తక్కువైనా సరే. ఊరికే చెబితే వాన చినుకు పడిన రోజు పిల్లల్ని పంపరు.